అచ్చు వేసుకోమని ఇచ్చిన మాన్యువళ్లను అచ్చు వేసుకుందాం

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

తిరుపతి దగ్గరి ఒక ఇంజనీరింగ్ కళాశాలలో సి, పైథాన్, డేటాబేస్ ల్యాబ్‌లు చూసుకునే అధ్యాపకుడిని. మా గ్రంథాలయానికి ఈ విద్యా సంవత్సరం కొనవలసిన పుస్తకాల జాబితా కమిటీ ముందుకు వచ్చినప్పుడు, అందులో ప్రోగ్రామింగ్ రిఫరెన్స్ మాన్యువళ్లు ఉన్న వరుసలన్నింటినీ కొట్టివేసి, పక్కన ‘నెట్‌లో ఉచితంగా లభ్యం’ అని రాశారు. ఇతర కళాశాలల్లో పనిచేసే మిత్రులను అడిగితే అక్కడా ఇదే ధోరణి కనిపిస్తున్నదన్నారు. ఆ మాట అబద్ధం కాదు గనుక కాదనడం కష్టం. అయితే ఆ ఉచిత డాక్యుమెంటేషన్‌లో చాలా భాగాన్ని అచ్చు వేసుకునే అనుమతి కూడా దానితో పాటు ఉచితంగానే వచ్చిందనీ, ఆ అనుమతిని మనం వాడుకోవడమే లేదనీ కళాశాలల యాజమాన్యాలకూ గ్రంథాలయ బాధ్యులకూ మీ పత్రిక ద్వారా తెలియజేయాలని ఈ లేఖ రాస్తున్నాను.

పుస్తకాలు వద్దనేవారి వైపు ఉన్న న్యాయాన్ని ముందుగా ఒప్పుకోవాలి. మా ప్రాంతపు కళాశాలల గ్రంథాలయాల్లో కంప్యూటర్ అలమరాల ముందు నిలబడి చూసిన వారెవరికైనా ఆ న్యాయం కళ్లకు కడుతుంది. పైథాన్ 3 వెలువడింది 2008 డిసెంబరులో. పైథాన్ 2కు నిర్వహణ 2020 జనవరి 1తో ఆగిపోయింది. అయినా పైథాన్ 3లో చెల్లని, ప్రింట్ పక్కన బ్రాకెట్లు లేని పాత ప్రోగ్రాములతో నిండిన పుస్తకాలు ఇంకా అక్కడే ఉన్నాయి. వెబ్ పేజీల్లో నడిచే చిన్న ప్రోగ్రాములైన జావా ఆప్లెట్ల మీద పెద్ద పెద్ద అధ్యాయాలున్న పుస్తకాలూ ఉన్నాయి; ఆ ఆప్లెట్లను ఇక వాడవద్దని జావా 9లోనే, అంటే 2017లోనే ప్రకటించారు. మొదటి సంవత్సరం విద్యార్థి అలాంటి పుస్తకంలోని ప్రోగ్రామును అక్షరం పొల్లుపోకుండా టైపు చేసి, సింటాక్స్ ఎర్రర్ చూసి, ఆ ఒక్క పుస్తకం మీదనే కాక మొత్తం అలమరా మీదనే నమ్మకం పోగొట్టుకుంటాడు. వెబ్‌సైట్ల తయారీకి వాడే ఫ్రేమ్‌వర్కుల సంగతి మరీ అన్యాయం. రచయిత రాసి, ప్రచురణకర్త అచ్చు వేసి, మనం ఇండెంట్ పెట్టి తెప్పించుకునే లోపల అసలు వస్తువే మారిపోతుంది. వాటిని కొనవద్దని కమిటీలో మొదట చెప్పేది నేనే.

అయితే ప్రోగ్రామింగ్‌లో అన్నీ ఒకే వేగంతో పాతబడవు. సి భాషను రూపొందించిన డెనిస్ రిచీ, బ్రయన్ కెర్నిహన్‌తో కలిసి రాసిన పుస్తకం రెండో కూర్పు 1988లో వచ్చింది. దాని చివర ఉన్న భాషా రిఫరెన్స్, లైబ్రరీ వివరాలు కలిపి డెబ్బై పేజీలు కూడా ఉండవు. ఆ తరువాత 1999లో, 2011లో, మరి కొన్నిసార్లు సి ప్రమాణాన్ని సవరించినా, మా ల్యాబ్‌లో మొదటి సంవత్సరం విద్యార్థి వాడే ఫంక్షన్లలో నూటికి తొంభై గురించి ఆ పేజీల్లో చెప్పింది ఇవాళ్టికీ చెల్లుతుంది. యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం తొలి మాన్యువల్ మీద ఉన్న తేదీ 1971 నవంబరు 3. ఆదేశాలు ఒకటో విభాగం, సిస్టం కాల్స్ రెండోది, లైబ్రరీ ఫంక్షన్లు మూడోది అని అందులో వేసిన వరుసే దాని బాటలో వచ్చిన ఈనాటి లినక్స్‌లో, మాన్యువల్ చూపించే మ్యాన్ ఆదేశం ఇస్తే కనిపించే వరుస కూడా. ఇటువంటి నిలకడైన విషయాల మాన్యువళ్లనూ, ఆరు నెలలకోసారి రూపు మార్చుకునే ఫ్రేమ్‌వర్కు పుస్తకాలనూ ఒకే గీతతో కొట్టివేయడం సబబు కాదు.

ఇక నెట్‌లో ఉచితంగా దొరికేదీ, మన విద్యార్థి నిజంగా చదివేదీ ఒకటి కావు. అధికారిక డాక్యుమెంటేషన్ ఉన్న మాట నిజమే. కానీ సెర్చ్‌లో ఫంక్షన్ పేరు కొట్టిన విద్యార్థి ముందుగా చేరేది ప్రకటనల నడుమ నాలుగు పంక్తుల ఉదాహరణ చూపించే ఏదో ఒక ట్యుటోరియల్ పేజీకి. ఆ ఉదాహరణను కాపీ చేసుకుని రన్ చేస్తాడు, అవుట్‌పుట్ వస్తుంది, రికార్డు రాసేస్తాడు. ట్యుటోరియల్ తప్పు చెప్పిందని నేను అనడం లేదు. పని సవ్యంగా జరిగినప్పుడు ఏమవుతుందో అది చెబుతుంది. పని చెడినప్పుడు ఏమవుతుందో చెప్పేది రిఫరెన్స్ మాన్యువల్.

ల్యాబ్‌లో తరచూ ఎదురయ్యే ఉదాహరణ, సి భాషలో కీబోర్డు నుంచి విలువలు చదివే స్కాన్‌ఎఫ్. ప్రతి రికార్డులోనూ ఉండే ఈ ఫంక్షన్ ఒక విలువను తిరిగి ఇస్తుందన్న సంగతి చాలామంది విద్యార్థులకు మూడో సంవత్సరం వచ్చినా తెలియదు. సంఖ్య అడిగిన చోట వినియోగదారుడు పొరపాటున ఒక అక్షరం కొడితే, స్కాన్‌ఎఫ్ ఆ అక్షరాన్ని చదవకుండా ఇన్‌పుట్‌లోనే వదిలేసి వెనుదిరుగుతుంది; లూప్ మళ్లీ తిరిగినప్పుడు అదే అక్షరం మళ్లీ అడ్డుపడుతుంది; తెర మీద వరుసలు ఆగకుండా పరుగెడుతుంటాయి. ‘సార్, సిస్టం హ్యాంగ్ అయింది’ అని పిలుస్తారు. సిస్టానికి ఏమీ కాలేదు. ఎన్ని అంశాలకు విలువ చేరిందో ఆ లెక్కను ఫంక్షన్ తిరిగి ఇస్తుందనీ, సరిపోలని అక్షరం చదవకుండా మిగిలిపోతుందనీ మాన్యువల్‌లో ఒక పేరా ఉంది; దాన్ని చదివిన విద్యార్థి ఆ లెక్కను ఇఫ్‌తో పరీక్షించుకుని బయటపడతాడు. పైథాన్‌లో మాటల చివరలను కత్తిరించే స్ట్రిప్ ఫంక్షన్ సంగతీ ఇటువంటిదే. దానికి ఇచ్చే మాటను అది ఒక పదంగా కాక విడివిడి అక్షరాల సమూహంగా తీసుకుని, ఆ అక్షరాలు రెండు చివరలా ఎంతవరకు ఉంటే అంతవరకు తీసేస్తుంది. ఫైలు పేరు చివర ఉన్న చుక్క, టీ, ఎక్స్, టీలను తీసేయబోయిన విద్యార్థికి అసలు పేరులోని చివరి టీ కూడా ఎందుకు మాయమైందో ఈ వాక్యం చదివితే తప్ప అర్థం కాదు.

సి భాషలో ఒక పంక్తిని చదివే గెట్స్ ఫంక్షన్ గురించి కూడా చెప్పకుండా ఉండలేను. పంక్తి ఎంత పొడవున్నా చూసుకోకుండా లోపలికి తీసుకునే ఈ ఫంక్షన్‌లోని లోపాన్ని కూడా వాడుకుని 1988 నవంబరులో మోరిస్ వర్మ్ అనే, తనంతట తాను పాకే ప్రోగ్రాము ఇంటర్నెట్‌లో వేల యంత్రాలకు పాకింది. 2011 నాటి సి ప్రమాణం దాన్ని పూర్తిగా తొలగించింది. లినక్స్ మాన్యువల్‌లో గెట్స్ వివరణ మొదలయ్యేదే దీన్ని ఎప్పుడూ వాడవద్దన్న వాక్యంతో. అయినా మన ప్రాంతంలో ఇంకా కొన్ని ల్యాబ్ రికార్డుల్లో అది దర్జాగా కూర్చుని ఉంది. ఆ రికార్డులు ఒక బ్యాచ్ నుంచి మరో బ్యాచ్‌కు నకలు అవుతూ వచ్చాయే గానీ, మధ్యలో ఏ ఒక్కరి చేతిలోనూ మాన్యువల్ లేదు. సి ప్రోగ్రాములు రాయడానికి టర్బో సి అనే పాత సాఫ్ట్‌వేర్ వాడిన రోజుల్లో కనీసం కర్సర్‌ను ఫంక్షన్ పేరు మీద పెట్టి కంట్రోల్, ఎఫ్1 నొక్కితే వివరం తెర మీదకు వచ్చేది, నెట్ అవసరమే ఉండేది కాదు. ఆ సాఫ్ట్‌వేర్‌తో పాటు పెట్టెలో లావుపాటి లైబ్రరీ రిఫరెన్స్ కూడా వచ్చేది. మన ఊళ్లకు మాత్రం నకలు తీసిన ఫ్లాపీలే చేరాయి, పెట్టె చేరలేదు. ఎందుకు చేరలేదో ఆ కాలం వారికి నేను చెప్పనక్కరలేదు.

‘మాన్యువల్ అచ్చు వేసేలోపే పాతబడుతుంది’ అన్నది కమిటీలో నాకు ఎదురైన ముఖ్యమైన అభ్యంతరం. ఇక్కడ అసలు విషయం తలకిందులుగా ఉంది. పైథాన్ కొత్త వెర్షన్ ఏటా అక్టోబరులో వస్తుంది. ఒక్కొక్క వెర్షన్‌కు సుమారు ఐదేళ్లు మద్దతు ఉంటుంది. మన ల్యాబ్‌లలో సిస్టమ్‌లకు వెర్షన్ ఏటా మార్చేవారు లేరు. ఒకసారి వేసింది సిలబస్ మారేదాకా, కొన్నిచోట్ల సిస్టమ్‌లే మారేదాకా ఉంటుంది. అధికారిక సైటు మాత్రం మామూలుగా తెరిస్తే కొత్త వెర్షన్ పేజీనే చూపిస్తుంది. మ్యాచ్ అనే నిర్మాణం 3.10లో, అంటే 2021 అక్టోబరులో వచ్చింది. స్ట్రిప్ చిక్కును తప్పించే రిమూవ్‌సఫిక్స్ అంతకు ముందు ఏడాది 3.9లో వచ్చింది. 3.8 ఉన్న ల్యాబ్‌లో కూర్చుని ఈ పేజీలు చూసి టైపు చేసిన విద్యార్థికి ఎర్రర్ రాక తప్పదు. పేజీ పైభాగంలో వెర్షన్ మార్చుకునే మీట ఉంటుంది గానీ దాన్ని ముట్టుకున్న విద్యార్థిని నేను చూడలేదు. పంచాంగం ఏ ఏటిది ఆ ఏటికే చెల్లినట్టు, మాన్యువల్ ఏ వెర్షన్‌ది ఆ వెర్షన్‌కే చెల్లుతుంది. మన ల్యాబ్‌లో ఉన్న వెర్షన్‌కు సరిపోయే ప్రతిని అచ్చు వేసి పెట్టుకుంటే, ఆ వెర్షన్ అక్కడ ఉన్నన్నాళ్లూ నెట్‌లోని తాజా పేజీ కంటే ఆ కాగితమే సరైన సమాచారం ఇస్తుంది.

అచ్చు వేసుకోవడానికి మనకు అడ్డేమీ లేదని పైన అన్నాను. దానికి ఆధారాలు చెప్పాలి. పైథాన్ డాక్యుమెంటేషన్‌ను దాని నిర్వాహకులే పీడీఎఫ్ రూపంలో దించుకునే ఏర్పాటు చేశారు. కాపీరైట్ ప్రకటననూ లైసెన్స్ ఒప్పందాన్నీ ఉంచితే చాలు, నకళ్లు తీసుకోవచ్చు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వారు తమ మాన్యువల్‌ను అమెరికా కాగితం కొలతలోనూ, మనం వాడే ఏ4 కొలతలోనూ విడివిడిగా తయారు చేసి పెడుతున్నారు. ఎవరో ఒకరు అచ్చు వేసుకుంటారన్న ఆలోచన లేకపోతే కాగితం కొలతతో వారికి పనేమిటి? ఎస్‌క్యూలైట్ అనే మరో డేటాబేస్ వారు తమ కోడ్‌నూ డాక్యుమెంటేషన్‌నూ ఎవరి హక్కులూ లేకుండా ప్రజలకే వదిలేశారు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ తయారుచేసే గ్నూ ప్రాజెక్టు వారి మాన్యువళ్లకు వర్తించే ఉచిత డాక్యుమెంటేషన్ లైసెన్స్ 2000లో వచ్చింది. దాని ప్రకారం మాన్యువల్‌ను అచ్చు వేయవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. వందకు మించి ప్రతులు వేసినప్పుడు మాత్రం కొన్ని మాన్యువళ్లకు అట్ట మీద ఫలానా మాటలు ఉండాలన్న షరతు ఉంది. ఒక ల్యాబ్‌కు నాలుగు ప్రతులు వేసుకునే మనకు ఆ బాధ లేదు. ఇంకో సంగతి, ఈ లైసెన్స్‌ను తెచ్చిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ తొలి సంవత్సరాల్లో డబ్బు సంపాదించుకున్న మార్గాల్లో అచ్చు మాన్యువళ్ల అమ్మకం ఒకటి. స్వేచ్ఛ అంటే కాగితం వద్దనడం అని వారెప్పుడూ అనుకోలేదు.

అలాగని చదవడానికి ఉచితమైన ప్రతిదీ అచ్చు వేయడానికి ఉచితం కాదు. సి ప్రమాణపు అధికారిక ప్రతిని అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ వెల కట్టి అమ్ముతుంది. జావా డాక్యుమెంటేషన్‌కు పునర్ముద్రణ నిబంధనలు వేరే ఉన్నాయి. కనుక ప్రతి మాన్యువల్ లైసెన్స్ పేజీనీ ఒకసారి చదివాకే ప్రింట్ ఇవ్వాలి. విచిత్రమేమిటంటే, కళాశాలల గేట్ల ఎదుట జిరాక్స్ షాపుల్లో అనుమతి లేని పాఠ్యపుస్తకాలు అట్టతో సహా నకలై స్పైరల్ బైండింగ్‌తో అమ్ముడవుతుండగా, అచ్చు వేసుకోమని రాసిపెట్టి ఇచ్చిన మాన్యువల్ ఒక్కటి కూడా ఆ షాపుల్లో కనిపించదు.

ఉచిత పేజీ వెనుక ఎవరో ఒకరి జీతం ఉంటుందన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. వెబ్ భాషలకు ప్రపంచమంతా ఆధారపడే ఎమ్‌డీఎన్ డాక్యుమెంటేషన్‌ను ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తయారుచేసే మొజిల్లా నడుపుతుంది. 2020 ఆగస్టులో ఆ సంస్థ సుమారు 250 మంది ఉద్యోగులను తొలగించినప్పుడు ఎమ్‌డీఎన్ రచయితల బృందం కూడా దెబ్బతిన్నది. ఆ తరువాత ఇతరులు పూనుకుని ఓపెన్ వెబ్ డాక్స్ పేరుతో నిధులు సమకూర్చి ఆదుకున్నారు. ఈసారి ఆదుకున్నవారు ప్రతిసారీ దొరుకుతారన్న హామీ లేదు. ఇప్పుడు విద్యార్థులు చాట్‌బాట్‌లను అడిగి ప్రోగ్రాములు రాయించుకుంటున్నారు. అది చెప్పిన ఫంక్షన్ నిజంగా ఉందో లేదో తేల్చుకోవడానికైనా ఒక నమ్మకమైన ప్రతి దగ్గర ఉండాలి.

పరీక్షల విషయం వేరే చెప్పాలి. ఏడాది పొడవునా నెట్ చూసి ప్రోగ్రాములు రాసిన విద్యార్థిని ల్యాబ్ పరీక్ష రోజున నెట్ తీసేసిన సిస్టం ముందు కూర్చోబెడతాం. దాంతో వారు ప్రోగ్రాములను పద్యాలు వల్లించినట్టు కంఠస్థం చేసి వస్తారు. ప్రపంచంలో పేరుమోసిన విద్యార్థుల ప్రోగ్రామింగ్ పోటీ ఐసిపిసిలో ముగ్గురికి ఒకటే కంప్యూటర్ ఇస్తారు, నెట్ ఉండదు. అయితే ప్రపంచ ఫైనల్స్‌లో జట్టు తాను తయారు చేసుకున్న 25 పేజీల వరకు అచ్చు నోట్సు వాడుకోవచ్చు. ఒకరు టైపు చేస్తుంటే మిగతా ఇద్దరు కాగితం మీద వెతుక్కుంటారు. మన ల్యాబ్‌లలోనూ ఒక సిస్టం దగ్గర ఇద్దరో ముగ్గురో కూర్చోవడం మామూలే. కనీసం ఇంటర్నల్ పరీక్షల్లోనైనా బల్ల మీద మాన్యువల్ పెట్టి, బట్టీ పట్టలేని ప్రశ్నలు ఇచ్చి చూడవచ్చు.

జిల్లా గ్రంథాలయాల బాధ్యులకు కూడా ఒక విన్నపం. 2022 ఏప్రిల్‌లో తిరుపతి వేరే జిల్లా అయింది. చిత్తూరు, తిరుపతి జిల్లాలు రెండింటిలోనూ మనం ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కడుతూనే ఉన్నాం. కుప్పం, పలమనేరు, సత్యవేడు వంటి చోట్ల నుంచి వచ్చి చదివే పిల్లల్లో ల్యాప్‌టాప్ లేనివారు ఎందరో ఉన్నారు. వారికి నెట్ అంటే ఫోనే, ఆ చిన్న తెర మీద పట్టికలతో నిండిన రిఫరెన్స్ పేజీ చదవడం ఎంత కష్టమో చదివి చూస్తే తెలుస్తుంది. పోటీ పరీక్షల పుస్తకాల పక్కన రెండు మూడు బైండ్ మాన్యువళ్లు పెడితే స్థలమేమీ చాలకపోదు. పుస్తకాలు వాడకం కోసమే అన్నది 1931లో గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ చెప్పిన గ్రంథాలయ సూత్రాల్లో మొదటిది. కనుక వాటిని రిఫరెన్స్ విభాగం పేరుతో తాళం వేసిన అద్దాల బీరువాలో పెట్టవద్దని ముందే మనవి చేస్తున్నాను.

మొత్తం డాక్యుమెంటేషన్ అచ్చు వేయమని నేను కోరడం లేదు. పోస్ట్‌గ్రెస్ మాన్యువల్ పూర్తిగా వేస్తే వేల పేజీలు అవుతుంది, పైథాన్ లైబ్రరీ రిఫరెన్స్ ఒక్కటే రెండు వేల పేజీలు దాటుతుంది. వాటిని ల్యాబ్ సర్వర్‌లో దించిపెట్టి, నెట్ లేకపోయినా తెరుచుకునేలా చేయడం ఒక పూట పని, దానికి ఖర్చేమీ లేదు. అచ్చుకు నేను ఎంచేవి ఇవి: పైథాన్ ట్యుటోరియల్, అది నూట యాభై పేజీలకు కాస్త అటూ ఇటూ ఉంటుంది, లైబ్రరీ రిఫరెన్స్‌లో బిల్ట్ ఇన్ ఫంక్షన్లు, టైపులు, ఎక్సెప్షన్ల అధ్యాయాలు, గ్నూ సి లైబ్రరీ మాన్యువల్‌లో స్ట్రింగులు, ఇన్‌పుట్ అవుట్‌పుట్, మెమరీ అధ్యాయాలు, పోస్ట్‌గ్రెస్‌లో డేటాబేస్‌ను ప్రశ్నించే ఎస్‌క్యూఎల్ భాషను వివరించే భాగం, లినక్స్‌లో ఆదేశాలు ఇవ్వడానికి వాడే బ్యాష్ రిఫరెన్స్ మాన్యువల్. క్యాలెండర్లూ పంచాంగాలూ అచ్చు వేసే ప్రెస్సులూ, వీధికొక జిరాక్స్ షాపూ ఉన్న తిరుపతిలో ఇది పెద్ద పనేమీ కాదు, చెన్నై దాకా పోనక్కరలేదు. స్పైరల్ బైండింగ్ కంటే దారంతో కుట్టించిన గట్టి అట్ట మేలు. ల్యాబ్‌లో వంద చేతులు పడతాయి. పుస్తకం వీపు మీద వెర్షన్ సంఖ్య, అచ్చు వేసిన నెల, సంవత్సరం తప్పనిసరిగా ఉండాలి. వెనుక నాలుగు తెల్ల కాగితాలు కలిపి కుట్టిస్తే, విద్యార్థులు ఏ పేజీలో ఏమి తికమక పడ్డారో తెలుగులోనే రాసుకోవచ్చు. వెర్షన్ మారిన ఏడాది పాత ప్రతిని తూకానికి వేయకుండా, ఆ వెర్షన్ నడుస్తున్న చివరి సిస్టం ఉన్నంతవరకు ల్యాబ్‌లోనే ఉంచాలి.

ఈ ఖర్చును పుస్తకాల బడ్జెట్‌లో చూపడానికి గ్రంథాలయ కమిటీ ఒప్పుకోకపోతే, ప్రింటర్ టోనర్, కాగితం కొనే ల్యాబ్ కన్స్యూమబుల్స్ పద్దు ప్రతి విభాగానికీ ఉంటుంది. ఆ పద్దు కింద బిల్లు పెట్టడానికి విభాగాధిపతి సంతకం చాలు గనుక, వచ్చే సెమిస్టర్ ల్యాబ్‌లు మొదలయ్యేలోపే ఈ పని పూర్తి చేసుకోవచ్చు.

ఇట్లు,
ఒక కంప్యూటర్ సైన్స్ అధ్యాపకుడు,
తిరుపతి.